పొద్దున పదిన్నరకి వెళ్ళి చూడండి

మే నెల వచ్చిందంటే తిరుపతిలో రెండు రకాల ఫ్లెక్సీలు పోటీ పడతాయి. ఒకటి గంగజాతరవి, రెండోది ప్లేస్కూళ్ళవి. ఎయిర్ బైపాస్ రోడ్డు మొదలుకొని కొర్లగుంట సందుల దాకా, అటు చిత్తూరు, పలమనేరు, మదనపల్లె దాకా ఎక్కడ చూసినా నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అడ్మిషన్లే. ఏసీ గదులు, సీసీ కెమెరాలు, స్పోకెన్ ఇంగ్లీషు, అబాకస్. వాటిని చూసి ఇంట్లో గుబులు మొదలవుతుంది. "పక్కింటోళ్ళు రెండున్నరేళ్ళకే చేర్చేసినారంట. మనోడికి మూడు నిండొస్తా ఉండాది, ఇంకా ఇంట్లోనే పెట్టుకుంటే ఎట్ల?"

ఆ గుబులును తీసిపారేయడానికి లేదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ప్లేస్కూళ్ళ కరపత్రాల్లో ఈ మాట పెద్దక్షరాలతో ఉంటుంది. అదే విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా వయసును ఒకే దశగా కలిపి, ఆ దశలో ఆట, పాట, కథ, చేతిపని ద్వారానే నేర్పాలని చెప్పింది. ఆ రెండో మాట మాత్రం కరపత్రంలో కనిపించదు. అందుకే బిడ్డను బడికి ఎప్పుడు పంపాలి అన్న ప్రశ్న కంటే, పంపిన చోట బిడ్డ పొద్దంతా ఏం చేస్తుంది అన్న ప్రశ్న పెద్దది.

దీనికి రెండు దేశంకాని దేశపు ఉదాహరణలు చెప్తాను. రెండూ అమెరికావే, ఫలితాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు. మిచిగన్ రాష్ట్రంలో యిప్సిలాంటి అనే ఊళ్ళో 1962 నుంచి 1967 దాకా పెర్రీ ప్రీస్కూలు నడిచింది. మొత్తం 123 మంది పేద నల్లజాతి పిల్లలను ఎంచుకుని, 58 మందిని ఆ బడికి పంపారు, మిగతావాళ్ళను పంపలేదు. తరువాత ఆ పిల్లలకు నలభై ఏళ్ళు వచ్చేదాకా వాళ్ళ బతుకులను గమనిస్తూ వచ్చారు. బడికి వెళ్ళినవాళ్ళలో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళు ఎక్కువ, సంపాదన ఎక్కువ, పోలీసు కేసులు తక్కువ. తెలివితేటల పరీక్షలో మొదట వచ్చిన తేడా కొన్నేళ్ళకే కరిగిపోయింది. నిలిచింది వేరేది: పట్టిన పని వదలకపోవడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, నలుగురితో మెలగడం. ఆ బడిలో పిల్లలు తామేం చేయబోతున్నారో ముందు చెప్పేవాళ్ళు, చేసేవాళ్ళు, చేశాక మళ్ళీ దాని గురించి మాట్లాడేవాళ్ళు. టీచరు వారానికోసారి ఇంటికి వచ్చి గంటన్నర సేపు తల్లితోను బిడ్డతోను కూర్చునేది.

రెండోది టెనెసీ రాష్ట్రానిది. అక్కడ ప్రభుత్వ ప్రీస్కూళ్ళకు దరఖాస్తు పెట్టుకున్న దాదాపు మూడు వేల మంది పిల్లలను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి గమనించి 2022లో ఫలితం ప్రకటించారు. ఆరో తరగతికి వచ్చేసరికి ప్రీస్కూలుకు వెళ్ళిన పిల్లలే చదువులోను, క్రమశిక్షణలోను వెనకబడ్డారు. వెళ్ళనివాళ్ళు నయం! పరిశోధన చేసినవాళ్ళలో ఒకరైన డేల్ ఫారన్ కారణాలు వెతుకుతూ, ఆ తరగతి గదుల్లో పిల్లల పొద్దంతా వరసలో నిలబడటానికి, అందరూ కలిసి కూర్చుని టీచరు చెప్పింది వినడానికే పోతోందన్న సంగతిని ముందుకు తెచ్చారు. ఆ వర్ణన చదువుతుంటే నాకు అమెరికా గుర్తుకు రాలేదు. మన వీధి చివర అపార్ట్‌మెంటు కింది అంతస్తులో చేతులు కట్టుకుని, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్న నలభై మంది పసివాళ్ళు గుర్తుకొచ్చారు.

అంటే బడికి పోవడం దానంతటదే మందు కాదు. బడి మంచిదైతే మేలు జీవితాంతం నిలుస్తుంది, కాకపోతే ఇంట్లో ఉండిపోవడమే నయం.

మంచి బడి అంటే డబ్బున్న బడి అనుకుంటాం. నగరి దాటితే తమిళనాడే కదా, అక్కడ ఈ మధ్య జరిగిన ఓ ప్రయోగం దానికి సమాధానం. అంగన్‌వాడీలో టీచరమ్మ ఒక్కతే గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు తూచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, ఫోనులో యాప్ నింపాలి. పిల్లలకు చెప్పడానికి మిగిలే పొద్దు ఏపాటిది? కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీలు తీసుకుని, సగం చోట్ల పిల్లల చదువు మాత్రమే చూసుకునే ఒక సగంపూట మనిషిని అదనంగా పెట్టించారు. కొత్త భవనం లేదు, ఏసీ లేదు, ఆ ఊరావిడే. పిల్లలతో గడిపే చదువు సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తిరిగేసరికి లెక్కల్లోను, భాషలోను ఆ పిల్లలు ముందుకొచ్చారు. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల సంఖ్య కూడా తగ్గింది. చదువు చెప్పే మనిషి వేరే ఉంటే పాత టీచరుకు పిల్లల తిండి, ఆరోగ్యం చూసుకునే తీరిక దొరికిందన్నమాట.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఈ అంగన్‌వాడీలను మనం "గుడ్ల సెంటరు" అని తేలిగ్గా మాట్లాడతాం. మీ వీధిలో ఉన్నదాన్ని ఒకసారి చూడకుండానే కొట్టిపారేయకండి. నడిచి వెళ్ళేంత దూరం, మన మాట మాట్లాడే మనిషి, వేడి అన్నం, గుడ్డు. ఆ టీచరు పిల్లలతో పాటలు పాడించే మనిషైతే, నెలకు వేలు పోసే చాలా చోట్ల కంటే అది మేలు. కాదనుకోండి, అప్పుడు వేరేది వెతుక్కుందురుగాని.

ఇక మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకే వద్దాం. రిషి వ్యాలీ అంటే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన పెద్ద హాస్టలు స్కూలే అందరికీ తెలుసు. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో అదే సంస్థ నడిపిన చిన్న చిన్న బడుల సంగతి మనలో ఎక్కువమందికి తెలియదు. 1980ల నుంచి పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఓ పద్ధతి తయారుచేశారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని వయసుల పిల్లలు. పాఠ్యపుస్తకం బదులు బొమ్మల గుర్తులున్న కార్డులు, గోడ మీద నేర్చుకునే మెట్ల పటం. బిడ్డ వచ్చి, నిన్న తాను ఏ మెట్టు మీద ఆగిందో పటంలో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని కూర్చుంటుంది. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటి పిల్లల దగ్గర, కొందరు ఒంటరిగా. జ్వరమొచ్చి వారం రాకపోయినా ఆగిన మెట్టు నుంచే మొదలు, "వెనకబడ్డావు" అనే మాటే లేదు. కర్ణాటకలోని హెచ్.డి.కోట నుంచి టీచర్లు వచ్చి చూసి వెళ్ళాక, 1995లో అక్కడ "నలి కలి" మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దీన్నే అందుకున్నాయి, తరువాత తమిళనాడంతా పాకింది. మంచి స్కూలు కావాలని మనం బెంగుళూరుకు, చెన్నైకి చూస్తుంటే, ఆ రాష్ట్రాల ప్రభుత్వ టీచర్లు బస్సెక్కి మన పల్లెలకొచ్చి నేర్చుకుని పోయారు.

అవి ప్రాథమిక బడులే, నర్సరీలు కావు. అయినా నర్సరీ వెతికే తల్లిదండ్రులకు అందులో పనికొచ్చే సంగతి ఉంది. చదువుకునే పని బిడ్డ చేతుల్లో ఉందా, టీచరు నోట్లోనే ఉందా అని చూడాలి. అది చూడటానికి అడ్మిషన్ కౌంటరు దగ్గరికి సాయంత్రం పోతే లాభం లేదు. పొద్దున పదిన్నరకి వెళ్ళండి. "క్లాసు నడుస్తుంటే ఓ అరగంట వెనక కూర్చుంటాం" అని అడగండి. ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాధానమే.

కూర్చున్నాక గోడల మీది రంగుల్ని కాదు, శబ్దాన్ని గమనించండి. ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది? టీచరు "ఏ ఫర్" అంటే అందరూ ఒక్కసారిగా "యాపిల్" అనే కేకలు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ గదిలో సంభాషణ లేదు. మంచి గదిలో సన్నగా గోల ఉంటుంది. ఒక మూల ఇద్దరు ఇసుకతోనో బంకమట్టితోనో పేచీ పడుతుంటారు, ఒకరు లక్కపిడతల్లో పప్పు వండి టీచరుకు వడ్డిస్తుంటారు. టీచరమ్మ ఆ ఉత్తుత్తి పప్పు తిని "ఉప్పు చాల్లేదే!" అందనుకోండి, మీరు సరైన చోటికే వచ్చారు. ఆ బిడ్డ ఇప్పుడు ఆలోచించాలి, లేని ఉప్పును తెచ్చి వేయాలి, ఎంత వేసిందో చెప్పాలి. ఊహ, భాష, ఎదుటి మనిషి మనసు తెలుసుకోవడం, మూడూ ఆ చిటికెడు ఉప్పులో ఉన్నాయి. గంగజాతరలో బైరాగి వేషం, దొర వేషం కట్టించుకుని వీధి వీధి తిరిగే మన పిల్లలకు వేషం కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. బడిలో దానికి చోటుంటే చాలు.

బొమ్మలు పిల్లల చేతికి అందుతున్నాయా, అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడండి. టీచరు బిడ్డతో మాట్లాడేటప్పుడు కిందికి వంగుతుందా, నిలబడే అరుస్తుందా చూడండి. బల్ల మీద బెత్తం ఉంటే ఇంక చూడాల్సిందేమీ లేదు, లేచి వచ్చేయండి. ప్రైవేటు ప్లేస్కూళ్ళకు జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన నియమాల్లో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, మూడేళ్ళు నిండని బిడ్డను చేర్చుకోకూడదని, రోజుకు మూడు నాలుగు గంటలకు మించి నడపకూడదని ఉంది. ఈ మూడూ నోటితో అడగండి. ఇంకో ప్రశ్న మరిచిపోకండి: "గత ఏడాది ఈ క్లాసు టీచరు ఇప్పుడూ ఉన్నారా?" ఏడాదికి ముగ్గురు మారే చోట పసిబిడ్డ ఎవరికి అలవాటు పడాలి?

రాత గురించి ఓ మాట గట్టిగా చెప్పాలి. మూడేళ్ళ బిడ్డకు నాలుగు గీతల కాపీ ఇచ్చి పేజీలు నింపమనడం మన దగ్గర మామూలైపోయింది. కొందరు తల్లులే అడుగుతారు, "హోంవర్కు ఇవ్వరా?" అని. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళకు వాటిలో చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థే, అవన్నీ గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది. పెన్సిలు పట్టే పట్టు మట్టి పిసకడంలో, పూలు గుచ్చడంలో, చపాతీ ముద్ద చేయడంలో, ముగ్గు చుక్కలు పెట్టడంలో వస్తుంది. అవి లేకుండా రాతకు కూర్చోబెడితే బిడ్డ అక్షరం నేర్చుకోదు, అక్షరమంటే భయం నేర్చుకుంటుంది. మన మిట్టూరు నామిని "చదువులా? చావులా?" అని ఊరికే పుస్తకం రాయలేదు. ఆ చావు పదో తరగతిలో మొదలవుతుందని అనుకుంటాం గాని, దాని మొదటి పేజీ ఎల్‌కేజీ కాపీ పుస్తకంలోనే ఉంటుంది.

భాష సంగతి. కుప్పం, నగరి వైపు ఇళ్ళలో అరవం, తెలుగు కలగాపులగంగా నడుస్తాయి. ఇంకొన్ని ఇళ్ళలో కన్నడం, ఉర్దూ. ఇంట్లో రెండు భాషలుంటే బిడ్డ తికమకపడుతుందని భయపడకండి, పసిమెదడు రెంటినీ మోస్తుంది. మోయలేనిది అర్థం కాని భాషలో నాలుగు గంటలు కూర్చోవడమే. "టీచరమ్మా, కడుపులో నొప్పి" అని చెప్పుకోలేని చోట బిడ్డ ఏం నేర్చుకుంటుంది? ఇంగ్లీషు వద్దని కాదు, పాటలతో ఆటలతో రానివ్వండి. మీరు మాత్రం ఇంట్లో రాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అని మూడు మాటలకు కుదించుకోకండి. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మీ బిడ్డకు కథ, వేళాకోళం, పొడుపుకథ, కోపం, బుజ్జగింపు అన్నీ దొరుకుతాయి. అన్నమయ్య పుట్టిన సీమలో జోలపాటలకు కరువేమిటి!

నిజానికి పెద్ద బడి ఇంట్లోనే నడుస్తుంది, దానికి ఫీజు లేదు. పీలేరు వైపు ఒక వాకిట్లో నేను చూసిన దాన్ని చెప్తాను. అవ్వ విత్తనానికి చెనిక్కాయలు వలుస్తోంది. పక్కన నాలుగున్నరేళ్ళ మనవరాలు. అవ్వ ఓ కాయ తీసి పైకెత్తి పట్టుకుంది.

"ఏం మే, దీంట్లో ఎన్ని గింజలుంటాయో చెప్పు చూద్దాం."

"రెండవ్వా."

"ఎట్ల తెలుసు నీకు?"

"రెండు బొజ్జలుండాయి కదా!"

వలిస్తే మూడు. ఆ పిల్ల ఖాళీ తొక్కను తిప్పి తిప్పి చూసింది. నడిమి గింజ నలిగి చిన్నదిగా ఉంది, దానికి బొజ్జ లేదు. తరువాతి కాయను వెంటనే చెప్పలేదు. చెవి దగ్గర పెట్టి ఊపి, వేలితో నొక్కి, అప్పుడు చెప్పింది. అవ్వకు ఏ బోధనా పద్ధతీ తెలియదు. కానీ ఆమె అడిగిన "ఎట్ల తెలుసు నీకు?" అన్న ప్రశ్నను వేలు పోసే బడుల్లో ఎంతమంది అడుగుతారు? ఊహించడం, కారణం చెప్పడం, తప్పితే మళ్ళీ చూడటం, ఇదంతా సైన్సే. (మరీ చిన్నబిడ్డలైతే గింజలు గొంతుకు అడ్డంపడతాయి, ఓ కన్నేసి ఉంచండి.) చింతపిక్కలతో సరి బేసి ఆడినా, బస్సులో శ్రీకాళహస్తి పోతూ దారిలో కనబడినవన్నీ చెప్పుకుంటూ పోయినా అంతే.

"మాకు అంత తీరికెక్కడిది?" అంటారు. న్యాయమే. శ్రీసిటీలో షిఫ్టు చేసి వచ్చే తల్లికి, కొండ కింద హోటల్లో పదకొండు దాకా నిలబడే తండ్రికి వాకిట్లో చెనిక్కాయలు వలిచే పొద్దు లేదు. వాళ్ళకు జమైకా కబురు చెప్పాలి. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో ఎదుగుదల తక్కువగా ఉన్న 129 మంది పసిపిల్లలను తీసుకున్నారు. వాళ్ళలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక్క గంట, రెండేళ్ళ పాటు వెళ్ళి, ఖాళీ డబ్బాలతో, సీసా మూతలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించేది. అంతే. ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే ఆ పిల్లల సంపాదన మిగతావాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ. పని జరిగింది కార్యకర్త వచ్చిన ఆ ఒక్క గంట వల్లే కాదు, మిగతా ఆరు రోజులూ తల్లి చేసిన చిన్న చిన్న పనుల వల్ల కూడా. మీరు స్నానం చేయించేటప్పుడు, జడ వేసేటప్పుడు, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని పోయేటప్పుడు ఎలాగూ బిడ్డ దగ్గరే ఉంటారు. అప్పుడు ఫోను జేబులో ఉంచి, బిడ్డ చెప్పే సోదికి ఎదురు ప్రశ్న వేయండి, చాలు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను కథ చెప్తుంది, బిడ్డ అడిగినదానికి మాత్రం బదులివ్వదు.

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే తలతిప్పకపోతే "మగపిల్లోళ్ళు లేటుగానే మాట్లాడతారు" అని ఊరుకోకండి. చెవి పరీక్షతో మొదలుపెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది, ఎప్పుడొస్తారో టీచరును అడిగి పెట్టుకోండి.

ఇంత చదివాక "ఫీజు ముందే కట్టేశాం కదా, ఇప్పుడెట్ల?" అనేవాళ్ళుంటారు. కంగారు పడి బిడ్డను ఊడబెరకక్కర్లేదు. ముందు నాలుగు వారాలు చూడండి. కొత్తలో ఏడవడం మామూలే, పది పదిహేను రోజుల్లో తగ్గాలి. నెల దాటినా రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే, మానుకున్న పక్కతడపడం మళ్ళీ మొదలైతే, బడి పేరెత్తితే కడుపునొప్పి అంటే, వెళ్ళి టీచరుతో మెల్లిగా మాట్లాడండి. తప్పు పట్టినట్టు కాకుండా, "మా పాప ఇంట్లో ఇట్లుంది, ఇక్కడెట్ల ఉంటుందండీ?" అని అడగండి. మంచి టీచరు అయితే మీకు తెలియని రెండు సంగతులు మీ బిడ్డ గురించి చెప్తుంది. పేరు కూడా వెంటనే గుర్తురాకపోతే, కట్టిన ఫీజు పోతే పోయిందనుకుని వేరే చోటు చూడండి. సాయంత్రం ఇంటికొచ్చాక "ఈరోజు ఏం రాయించారు?" అని అడగడం మాని, "ఎవరితో ఆడుకున్నావు? ఏం ఆట? ఎవరు గెలిచారు?" అని అడగండి.